జట్లకు టైమ్ ప్రకారం సర్వర్ మెసేజ్‌లు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఆట నడుస్తుండగా ఒక జట్టుకో, ఒక రూమ్‌కో, మ్యాప్‌లో ఒక మూలన ఉన్నవాళ్లకో అనుకున్న క్షణానికి సర్వర్ నుంచి మాట చేరాలి. "ఇంక 30 సెకండ్లే ఉంది", "తోరణం కాడికి రాండ్రి", "ఏడు గంటలకు బతుకమ్మ ఈవెంట్" లాంటివి. వరంగల్, హనుమకొండ, కరీంనగర్, నిజామాబాద్ వైపు సొంతంగా మైన్‌క్రాఫ్ట్ సర్వర్ నడిపేవాళ్లకూ, కాలేజీ ప్రాజెక్టుగానో చిన్న స్టూడియోగానో గేమ్ రాసేవాళ్లకూ పదే పదే వచ్చే ప్రశ్నలు ఇక్కడ ఉన్నాయి. అన్నిటికీ ఒకే ఊహా ఆటను ఉదాహరణగా తీసుకున్నాం: ఖిలా వరంగల్ మ్యాప్, నాలుగు కీర్తి తోరణాలు, తోరణానికో జట్టు, జట్టుకు ఐదుగురు, రౌండు 10 నిమిషాలు.

సెట్‌టైమ్‌అవుట్ పెట్టి, లోపల ఎమిట్ రాస్తే సరిపోదా?

సెట్‌టైమ్‌అవుట్ అంటే జావాస్క్రిప్ట్‌లో ఇంతసేపటికి మోగమని పెట్టే టైమర్, ఎమిట్ అంటే మెసేజ్ పంపే ఆజ్ఞ. ఒకే సర్వర్, ఇరవై మంది ఆటగాళ్లు అయితే మొదట్లో సరిపోతుంది. ఆ తర్వాత వచ్చే తిప్పల్లో ఎక్కువ భాగం ఒకే కారణంతో వస్తాయి. టైమర్ పెట్టినప్పుడు నిజమైన మాట, టైమర్ మోగేసరికి నిజం కాకుండా పోతుంది.

రౌండు మొదలవగానే 9:30కి మోగేలా "ఇంక 30 సెకండ్లే" పెట్టారనుకోండి. 8:50కే ఒక జట్టు గెలిచింది. 9:00కి కొత్త రౌండు మొదలైంది. పాత టైమర్‌ను ఎవరూ ఆపలేదు. కొత్త రౌండు అర నిమిషం నడిచిందో లేదో, అందరి తెరల మీద "ఇంక 30 సెకండ్లే" అని పడుతుంది. ఆటగాళ్లు తోరణం వదిలేసి పరుగెత్తుతారు.

అందుకే టైమ్ మెసేజ్‌కు ఎప్పుడు, ఎవరికి అన్న రెండు ప్రశ్నలు చాలవు. మోగే క్షణానికి ఆ మాట ఇంకా చెల్లుతుందా అన్నది మూడోది. చాలామంది కోడ్‌లో మొదటి రెండే ఉంటాయి. ప్రతి రౌండుకు ఒక నంబర్ ఇవ్వండి, టైమర్ పెట్టేటప్పుడు ఆ నంబర్‌ను దానికి తగిలించండి, మోగినప్పుడు ఇప్పటి రౌండు నంబర్‌తో పోల్చండి. కలవకపోతే చడీచప్పుడు లేకుండా వదిలేయండి. టైమర్‌ను ఆపే క్లియర్ టైమ్‌అవుట్ కూడా పెట్టొచ్చు గానీ దాన్ని ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. గెలవడం, డ్రా కావడం, అందరూ వెళ్లిపోవడం, అడ్మిన్ ఆపడం ఇలా రౌండు ముగిసే దారులు చాలా ఉంటాయి. ఏదో ఒక దారిలో క్లియర్ చేయడం మరిచిపోతారు. నంబర్ పోలిక ఉంటే ఆ మరుపు వల్ల నష్టం ఉండదు.

మెసేజ్‌లో ఏమేం పెట్టాలి?

వేరే ఏ మెసేజ్‌తోనూ కలవని ఐడీ, గుంపు పేరు, తెరమీద చూపాల్సిన సర్వర్ సమయం, ఆ తర్వాత చెల్లని గడువు, రౌండు నంబర్, మెసేజ్ కోడ్, ఆ కోడ్‌కు కావలసిన విలువలు. రెండుసార్లు చూపకుండా ఆపేది ఐడీ. నెట్ పోయి నాలుగు నిమిషాలకు తిరిగొచ్చినవాడికి చల్లారిన కబురు చేరకుండా ఆపేది గడువు. వాక్యం మొత్తం పంపకుండా కోడ్ ఎందుకు పంపాలో తెలుగు అక్షరాల ప్రశ్న దగ్గర చెప్పాం.

గుంపులో ఎవరున్నారో టైమర్ పెట్టేటప్పుడు లెక్కగట్టాలా, మోగేటప్పుడా?

జట్టు మెసేజ్ అయితే మోగేటప్పుడు. టైమర్‌లో గుంపు పేరే దాచండి, మనుషుల జాబితా దాచొద్దు. 2వ నిమిషంలో తూర్పు తోరణం నుంచి పడమటి తోరణానికి మారినవాడికి 9వ నిమిషంలో తూర్పు జట్టు ఎత్తుగడ చేరితే ఆట చెడిపోయినట్టే.

దీనికి తిరకాసు కూడా ఉంది. "నీతో పోటీకి పిలిచినవాడి గడువు 20 సెకండ్లలో ముగుస్తుంది" లాంటి మెసేజ్ ఆ ఇద్దరిదే. మధ్యలో వాళ్లు జట్టు మారినా అది వాళ్లకే పోవాలి. అలాంటి వాటికి పేర్లు ముందే పట్టి ఉంచాలి. పేరు అంటే ఖాతా ఐడీ. సాకెట్ ఐడీ, అంటే ఆ ఒక్క కనెక్షన్ గుర్తింపు, పట్టి ఉంచితే నెట్ ఒక్కసారి పోయి రాగానే అది మారిపోతుంది.

అందరికీ ఒకే క్షణంలో కనబడాలంటే ఎలా?

సర్వర్ ఒకే క్షణంలో పంపినంత మాత్రాన ఒకే క్షణంలో కనబడదు. ఒకడు ఇంట్లో ఫైబర్ మీద ఉంటాడు, ఇంకొకడు కాజీపేట దగ్గర కదులుతున్న రైల్లో మొబైల్ డేటా మీద ఉంటాడు. ఇద్దరికీ పోయి వచ్చే సమయంలో వందల మిల్లీసెకండ్ల తేడా రావచ్చు. కాబట్టి క్షణం వచ్చాక పంపడం కాకుండా, ఆ క్షణం ఏదో ముందే చెప్పి పంపాలి. 1 నుంచి 2 సెకండ్ల ముందు "సర్వర్ గడియారంలో ఇంత అయినప్పుడు ఇది చూపు" అని పంపితే, ప్రతి ఫోనూ తన దగ్గర ఉంచుకుని సరైన వేళకు చూపుతుంది.

దానికి సర్వర్ గడియారానికీ ఫోన్ గడియారానికీ తేడా ఎంతో ఫోన్‌కు తెలియాలి. లెక్క ఇలా ఉంటుంది. ఫోన్ తన గడియారంలో 10,000 మిల్లీసెకండ్ల దగ్గర చిన్న ప్యాకెట్ పంపింది. సర్వర్ దాన్ని తన 52,340 దగ్గర అందుకుని, ఆ అంకెనే వెంటనే తిప్పి పంపింది. ఫోన్‌కు అది 10,080 దగ్గర చేరింది. పోయి వచ్చేందుకు 80 పట్టింది, నడిమధ్య 10,040. తేడా 52,340 లోంచి 10,040 తీసేస్తే 42,300. ఇక సర్వర్ "60,000కి చూపు" అంటే ఫోన్ తన 17,700 దగ్గర చూపాలి. పోయే దారి, వచ్చే దారి సమానంగా లేకపోతే తప్పు గరిష్ఠంగా 80లో సగం, అంటే 40 మిల్లీసెకండ్లు. కంటికి అది తెలియదు.

ఒక్కసారి కొలిచి వదిలేయకండి. చేరగానే 5 నుంచి 8 సార్లు కొలిచి, అందులో పోయి వచ్చే సమయం అతి తక్కువ పట్టినదాన్ని తీసుకోండి, సగటు తీయొద్దు. ఆలస్యమైన ప్యాకెట్టు ఏ దారిలో ఆలస్యమైందో తెలియదు, సగటులో కలిపితే లెక్కంతా ఒక పక్కకు వంగిపోతుంది. ఆ తర్వాత ప్రతి 30 నుంచి 60 సెకండ్లకోసారి మళ్లీ కొలవండి.

ఫోన్‌లో తేదీ, టైమ్ చూపించే గడియారాన్ని దీనికి వాడకండి. ఆటగాడు దాన్ని చేత్తో మార్చగలడు, నెట్‌వర్క్ కూడా దాన్ని ముందుకూ వెనక్కూ జరపగలదు. వెనక్కి పోని గడియారం కావాలి: బ్రౌజర్‌లో పెర్ఫార్మెన్స్ నౌ, యూనిటీలో రియల్‌టైమ్ సిన్స్ స్టార్టప్. సర్వర్‌లో కూడా మ్యాచ్ లోపలి సమయాలకు ఇలాంటి వెనక్కి పోని (మోనోటోనిక్) గడియారమే, పంచాంగం ప్రకారం జరగాల్సిన ఈవెంట్లకు మాత్రమే మామూలు గడియారం.

ముందే పంపితే మోసగాళ్లు చూసేయరా?

చూస్తారు. మార్చిన క్లయింట్ (ఆటగాడి ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో నడిచే ఆట ప్రోగ్రామ్) ఉన్నవాడు ప్యాకెట్ రాగానే చదువుతాడు, మీరు చూపమన్న క్షణం దాకా ఆగడు. "రౌండు 3 సెకండ్లలో మొదలు" ముందే పంపితే నష్టం లేదు, అందరికీ తెలిసిన విషయమే. "ఆయుధాల పెట్టె ఉత్తర తోరణం వెనక పడుతుంది" అన్నది మాత్రం పడే క్షణానికే పంపాలి, తెలియాల్సిన జట్టుకే పంపాలి. అందరికీ పంపి, క్లయింట్‌లో జట్టు చూసి దాచడం అసలు పనికిరాదు. తెలిస్తే లాభం ఉన్న ఏ సమాచారమైనా కాస్త ఆలస్యంగా చేరినా ఫర్వాలేదు, ముందు మాత్రం చేరకూడదు.

కౌంట్‌డౌన్ కోసం ప్రతి సెకండుకు ఒక మెసేజ్ పంపాలా?

వద్దు. ముగిసే సమయం ఒక్కసారి పంపండి, మిగిలినదెంతో ఫోన్ తీసివేత చేసి చూపుతుంది. ప్రతి ఫ్రేమ్‌కూ ముగింపు సమయంలోంచి ఇప్పటి సమయం తీసేయాలి. సెకండుకోసారి ఒకటి తగ్గించే పద్ధతి వద్దు, ముఖ్యంగా బ్రౌజర్ ఆటల్లో. వెనక్కి పోయిన ట్యాబ్‌లో టైమర్లను క్రోమ్ సెకండుకు ఒకసారికి తగ్గిస్తుంది. 2021లో వచ్చిన 88వ వెర్షన్ నుంచి, ట్యాబ్ 5 నిమిషాలకు మించి దాగి ఉంటే కొన్ని షరతుల మీద నిమిషానికి ఒకసారే మోగనిస్తుంది. ఒకటి తగ్గించే కౌంట్‌డౌన్ అక్కడ నిలిచిపోతుంది. ముగింపు సమయం నుంచి లెక్కగట్టేది ట్యాబ్ తెరవగానే సరైన అంకె చూపుతుంది.

రౌండు పొడిగిస్తే కొత్త ముగింపు సమయం, అదే ఐడీ, పెంచిన వరుస నంబర్‌తో పంపండి. తక్కువ వరుస నంబర్ ఉన్నది ఆలస్యంగా వస్తే క్లయింట్ దాన్ని పక్కన పడేయాలి.

మైన్‌క్రాఫ్ట్‌లో 30 సెకండ్లు పెడితే 45 అవుతోంది. ఎందుకు?

జావా ఎడిషన్ సెకండుకు 20 టిక్కుల లెక్కన నడుస్తుంది, ఆట ఒక్కో అడుగు ముందుకు జరగడమే టిక్కు. షెడ్యూల్ ఫంక్షన్ కమాండ్‌లో "30ఎస్" అని రాసినా లోపల అది 600 టిక్కులే. సర్వర్ బరువెక్కి సెకండుకు 13 టిక్కులే నడిస్తే ఆ 600 టిక్కులకు 46 సెకండ్లు పడతాయి. స్పిగాట్, పేపర్ సర్వర్ల ప్లగిన్లలో రన్ టాస్క్ లేటర్ కూడా టిక్కులనే లెక్కపెడుతుంది.

ఆటలోని పనికి టిక్కులే మేలు. తలుపు, మంట, రాక్షసులు అన్నీ ఒకే వేగంతో నెమ్మదిస్తాయి కాబట్టి మెసేజ్ వాటితో కలిసే వస్తుంది. గోడ గడియారం ప్రకారం రావాల్సినదానికైతే ప్లగిన్‌లో 20 టిక్కులకోసారి సిస్టమ్ సమయం చూసి, దాటితే పంపండి.

మైన్‌క్రాఫ్ట్‌లో ఒక జట్టుకే పంపడం ఎలా?

టీమ్ కమాండ్‌తో జట్లు చేసుకుని, టెల్‌రా లేదా టైటిల్ కమాండ్‌లో "ఎట్ ఏ" (అందరు ఆటగాళ్లు) పక్కన చదరపు బ్రాకెట్లో టీమ్ పేరు ఇవ్వాలి. ఒకే మనిషి రెండు గుంపుల్లో ఉండాలంటే టీమ్ కుదరదు, ట్యాగ్ వాడాలి. టైటిల్ మామూలుగా 10 టిక్కుల్లో తేలి, 70 టిక్కులు నిలిచి, 20 టిక్కుల్లో మాయమవుతుంది, అంటే మొత్తం 5 సెకండ్లు. ఆలోపు రెండో టైటిల్ పంపితే మొదటిది కొట్టుకుపోతుంది. చిన్న కబుర్లకు యాక్షన్‌బార్ మేలు.

ఇందులో రెండు గోతులున్నాయి. షెడ్యూల్ ద్వారా నడిచే ఫంక్షన్‌ను ఆటగాడు కాదు, సర్వర్ నడుపుతుంది. కాబట్టి లోపల "ఎట్ ఎస్" (నడిపిన ఆటగాడు) రాస్తే ఎవరికీ పోదు, ఎర్రర్ కూడా కళ్లబడదు. రెండోది, ఒకే ఫంక్షన్‌ను రెండోసారి షెడ్యూల్ చేస్తే మామూలుగా మొదటిది చెరిగిపోతుంది. రెండూ మోగాలంటే చివర అపెండ్ అని రాయాలి. షెడ్యూల్ కమాండ్‌తో పెట్టినవి ప్రపంచంతో పాటు సేవ్ అవుతాయి, రీస్టార్ట్ తర్వాత కూడా మోగుతాయి. ప్లగిన్ టాస్కులు మాత్రం సర్వర్ ఆగగానే పోతాయి.

సాకెట్ ఐఓలో నెట్ పోయి వచ్చాక జట్టు మెసేజ్‌లు రావడం లేదు.

సాకెట్ ఐఓ అంటే సర్వర్‌కూ ఆటగాళ్లకూ మధ్య మెసేజ్‌లు మోసే లైబ్రరీ. కనెక్షన్ తెగగానే ఆ సాకెట్ అన్ని రూముల్లోంచి బయటపడుతుంది. తిరిగొచ్చేది కొత్త ఐడీతో కొత్త సాకెట్. దాన్ని మళ్లీ రూమ్‌లో చేర్చే పని మీదే. ఏ ఖాతా ఏ జట్టులో ఉందో సర్వర్ దగ్గర ఉండాలి, కనెక్ట్ అవగానే ఖాతా చూసి సర్వరే చేర్చాలి. "నన్ను తూర్పు జట్టులో చేర్చు" అని క్లయింట్ అడిగితే చేర్చే పద్ధతి పెట్టొద్దు, ఎవడైనా ఏ జట్టు పేరైనా చెబుతాడు.

4.6 వెర్షన్ నుంచి కనెక్షన్ స్టేట్ రికవరీ ఉంది. కొద్దిసేపు తెగినవాళ్లకు రూములనూ, తప్పిపోయిన ప్యాకెట్లనూ తిరిగి ఇస్తుంది. కాకపోతే పలు సర్వర్లను రెడిస్ (మెమరీలో నడిచే డేటాబేస్) ద్వారా కలిపే మామూలు రెడిస్ అడాప్టర్‌తో అది పనిచేయదు, రెడిస్ స్ట్రీమ్స్ అడాప్టర్ కావాలి. ఉన్నా సరే, తిరిగి వచ్చిన ప్రతివాడికీ ఇప్పటి పరిస్థితి ఒక మూటగా పంపడం అలవాటు చేసుకోండి: రౌండు నంబర్, ముగింపు సమయం, ఇంకా చెల్లే మెసేజ్‌లు. మధ్యలో కొత్తగా చేరినవాడికి కూడా అదే మూట.

అదే మెసేజ్ రెండుసార్లు, మూడుసార్లు వస్తోంది.

ముందు క్లయింట్‌లో చూడండి. మెసేజ్ వినే ఫంక్షన్‌ను కనెక్ట్ ఈవెంట్ లోపల రాసి ఉంటారు. ప్రతి రీకనెక్ట్‌కూ ఇంకొకటి తగులుకుంటుంది. ఒకసారి నెట్ పోతే రెండుసార్లు, రెండుసార్లు పోతే మూడుసార్లు కనబడుతుందంటే కారణం ఇదే. దాన్ని బయటికి తీసి ఒక్కసారే తగిలించండి.

క్లయింట్ బాగుంటే, రెండు సర్వర్ ప్రాసెస్‌లు ఒకే టైమర్‌ను మోగిస్తున్నాయి. ప్రోగ్రామ్‌లను నడిపే పీఎమ్2 లాంటిదానితో నాలుగు కాపీలు నడిపి, ప్రతి కాపీలోనూ సెట్‌ఇంటర్వెల్ (పదే పదే మోగే టైమర్) ఉంటే నాలుగుసార్లు పోతుంది. మోగించే హక్కు ఒక్కరికే దక్కేలా చూడాలి, ఆ పద్ధతి కింది జవాబులో ఉంది.

సర్వర్ ఆగిపోతే పెట్టిన టైమర్ల గతేంటి?

మెమరీలో ఉన్నవన్నీ పోతాయి. ఇంట్లోనో హాస్టల్ గదిలోనో పాత కంప్యూటర్ మీద సర్వర్ నడుపుతుంటే కరెంటు పోవడం కొత్త సంగతి కాదు. యూపీఎస్‌కు రౌటర్‌ను కూడా తగిలించాలి, కంప్యూటర్‌కు మాత్రమే తగిలిస్తే ఆట లోపలే ఉండి ఆటగాళ్లందరూ బయట ఉంటారు.

పది నిమిషాల రౌండు లోపలి టైమర్లు పోయినా ఫర్వాలేదు, రౌండే పోయింది కదా. గంటలు, రోజుల తర్వాత రావాల్సినవి మాత్రం డిస్కు మీదో రెడిస్‌లోనో ఉండాలి. రెడిస్ సార్టెడ్ సెట్ (స్కోరు వరుసలో ఉండే జాబితా) దీనికి చక్కగా సరిపోతుంది. జెడ్‌యాడ్‌తో చేర్చండి, స్కోరుగా మోగాల్సిన సమయం మిల్లీసెకండ్లలో, సభ్యుడిగా మెసేజ్ ఐడీ. మెసేజ్‌లోని అసలు సంగతి వేరే హాష్‌లో (పేరు, విలువల పట్టికలో). ప్రతి సర్వరూ 200 మిల్లీసెకండ్లకోసారి జెడ్‌రేంజ్‌బైస్కోర్‌తో గడువు వచ్చిన వాటిని, ఒకసారికి 100కి మించకుండా అడుగుతుంది. ఒక్కో ఐడీని జెడ్‌రెమ్‌తో తీసేయడానికి ప్రయత్నిస్తుంది. జవాబు 1 వస్తే ఆ మెసేజ్ తనది, పంపాలి. 0 వస్తే ఇంకో సర్వర్ అప్పటికే పట్టుకుంది, వదిలేయాలి. రెండు సర్వర్లు ఒకే క్షణంలో ప్రయత్నించినా 1 ఒక్కరికే వస్తుంది.

జెడ్‌రెమ్ అయ్యాక, పంపే లోపు ఆ సర్వర్ కూలితే మెసేజ్ పోయినట్టే. "తోరణం కూలుతోంది"కి ఇది చాలు. బహుమతి పంచే మెసేజ్‌కు చాలదు. బహుమతి డేటాబేస్‌లో పడాలి, మెసేజ్ దాన్ని చెప్పడానికి మాత్రమే. మెసేజ్ అందితేనే బహుమతి అన్న లంకె ఎక్కడా పెట్టకండి.

సర్వర్ మళ్లీ లేచినప్పుడు గడువు దాటిన మెసేజ్‌లు కుప్పగా ఉంటాయి. అన్నీ ఒక్కసారి వదిలేయొద్దు. చెల్లే గడువు చూసి, దాటినవి పారేసి, మిగిలినవే పంపండి.

నెల తర్వాతి ఈవెంట్‌కు టైమర్ పెడితే వెంటనే మోగింది!

నోడ్‌లో (సర్వర్‌లో జావాస్క్రిప్ట్ నడిపేది), బ్రౌజర్లలో సెట్‌టైమ్‌అవుట్ తీసుకునే అతి పెద్ద విలువ 2,147,483,647 మిల్లీసెకండ్లు, అంటే 24 రోజుల 20 గంటల పైచిలుకు. అంతకన్నా పెద్దది ఇస్తే నోడ్ దాన్ని 1 మిల్లీసెకండుగా మార్చేస్తుంది. 30 రోజులంటే 2,592,000,000, హద్దు దాటింది. ఇంత దూరపువి పైన చెప్పిన పద్ధతిలోనే పెట్టాలి.

సాయంత్రం 7 గంటల ఈవెంట్ అర్ధరాత్రి దాటాక వచ్చింది.

సర్వర్ గడియారం యూటీసీలో (ప్రపంచమంతటికీ ఒకటే అయిన సమయంలో) ఉంది, క్రాన్‌లో (చెప్పిన వేళకు పనులు నడిపేదానిలో) మీరు 19:00 అని రాశారు. మన టైమ్ యూటీసీకి 5 గంటల 30 నిమిషాలు ముందు. యూటీసీలో 19:00 అయ్యేసరికి ఇక్కడ రాత్రి 12:30. సాయంత్రం 7కి కావాలంటే 13:30 రాయాలి. గంటలు సరిచేసి అరగంట మరిచిపోవడం మన దగ్గర బాగా జరిగే పొరపాటు.

ఆటగాళ్లకు చూపేటప్పుడు యూటీసీ సమయం పంపి, ఫోన్ తన ప్రాంతపు లెక్కలో చూపాలి. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు నుంచి గల్ఫ్‌కు పోయినవాళ్లు చాలామంది ఇంటివాళ్లతో కలిసి ఆడతారు. మన 7 గంటలంటే దుబాయిలో సాయంత్రం 5:30, సౌదీ, ఖతార్, కువైట్‌లలో 4:30. "7 గంటలకు రాండ్రి" అని అక్షరాల్లో రాసి పంపితే దుబాయిలో ఉన్నవాడు గంటన్నర ఆలస్యంగా వస్తాడు. ఇంగ్లండ్, అమెరికాల్లో అయితే దీపావళి ప్రాంతంలో గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు, కాబట్టి "మనకు ఇంత తేడా" అని గట్టిగా రాసి పెట్టుకోవడం కూడా కుదరదు.

బతుకమ్మ ఈవెంట్‌కు ఇంకో జాగ్రత్త కావాలి. ఎంగిలిపూల నుంచి సద్దుల దాకా తొమ్మిది రోజులు, భాద్రపద అమావాస్య నుంచి లెక్క. ఇంగ్లీషు తేదీ ప్రతి ఏడూ మారుతుంది. ప్రతి ఏడూ అదే తేదీకి వచ్చేలా క్రాన్ రాయొద్దు. ఆ ఏటి తేదీలు ఒక ఫైల్‌లో రాసుకుని, రోజు పేరుతో సహా అక్కడి నుంచి చదవండి. అలిగిన బతుకమ్మ నాడు బతుకమ్మ ఆడరు. ఆ రోజు "పూలు పేర్చండి" అని మెసేజ్ పోతే ఊరివాళ్లకు వెంటనే తెలుస్తుంది, తయారుచేసినవాళ్లకు పండుగ తెలియదని.

సరిగ్గా నిమిషానికి కనెక్షన్ తెగిపోతోంది.

మధ్యలో ఎన్‌జిన్ఎక్స్ ఉంది, అది ఆటగాళ్లకూ సర్వర్‌కూ నడుమ కనెక్షన్లు అందించే ప్రోగ్రామ్. ప్రాక్సీ రీడ్ టైమ్‌అవుట్ మామూలుగా 60 సెకండ్లు. అంతసేపు సర్వర్ నుంచి ఏమీ రాకపోతే తెంచేస్తుంది. అమెజాన్ అప్లికేషన్ లోడ్ బ్యాలెన్సర్ కూడా మొదట 60 సెకండ్లకే కట్టి ఉంటుంది. సాకెట్ ఐఓ తానే 25 సెకండ్లకోసారి పింగ్ (కనెక్షన్ బతికుందని చెప్పే చిన్న ప్యాకెట్) పంపుతుంది కాబట్టి దానికి ఈ బాధ తక్కువ. ఉత్త వెబ్‌సాకెట్ వాడితే సర్వర్ నుంచి 25 సెకండ్లకోసారి పింగ్ మీరే పంపాలి. బ్రౌజర్‌లోని జావాస్క్రిప్ట్‌కు పింగ్ ఫ్రేమ్ పంపే వీలు లేదు.

తెలుగు మెసేజ్ సగంలో తెగుతోంది, ఒత్తులు విడిపోతున్నాయి.

ఇవి రెండు వేర్వేరు జబ్బులు. యూటీఎఫ్-8లో (అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతిలో) ప్రతి తెలుగు కోడ్‌కు, అంటే అక్షరం, గుణింతపు గుర్తు, పొల్లు ఒక్కోదానికీ, 3 బైట్లు. "తోరణం కాడికి రాండ్రి" అన్నదాంట్లో 18 తెలుగు కోడ్లు, 2 ఖాళీలు, మొత్తం 56 బైట్లు. 50 బైట్ల దగ్గర కోస్తే "తోరణం కాడికి రాండ్" మిగులుతుంది. 49 దగ్గర కోస్తే పొల్లు మధ్యలో తెగి, చివర ప్రశ్న గుర్తున్న డబ్బా వస్తుంది. బైట్లను కాదు, కంటికి ఒక అక్షరంగా కనిపించేదాన్ని లెక్కపెట్టి కోయాలి. జావాస్క్రిప్ట్‌లో ఇంటిల్ సెగ్మెంటర్ ఆ పని చేస్తుంది. పైథాన్ సర్వర్‌లో ఇంకో సంగతి: మెసేజ్‌ను జేసన్ రూపంలో రాసే జేసన్ డంప్స్ మామూలుగా ప్రతి తెలుగు కోడ్‌నూ 6 అక్షరాల ఎస్కేప్‌గా మారుస్తుంది, 56 బైట్లు కాస్తా 110 అవుతాయి. ఎన్‌ష్యూర్ ఆస్కీని ఫాల్స్ చేయండి.

ఒత్తులు విడిపోవడం ఫాంట్ తప్పు కాదు, అక్షరాలను పేర్చే ఇంజిన్ తప్పు. యూనిటీలో టెక్స్ట్‌మెష్ ప్రో ఒత్తులు, గుణింతాలు కలిపి పేర్చే పని తనంతట చేయదు. గోడో 4 ఆ పని చేసే హార్ఫ్‌బజ్ వాడుతుంది కాబట్టి తెలుగు సరిగ్గా వస్తుంది. బ్రౌజర్లలో సమస్య లేదు.

అన్నిటికన్నా మేలైన దారి వాక్యం పంపకుండా కోడ్ పంపడం. "7, 30" అని పంపితే క్లయింట్ తన దగ్గరున్న పట్టికలో 7వ వాక్యం తీసి 30ని అందులో కూర్చుతుంది. మెసేజ్ కొన్ని బైట్లే. ఒకే జట్టులో ఒకరికి తెలుగు, ఒకరికి ఉర్దూ, ఒకరికి ఇంగ్లీషు చూపొచ్చు. అప్పటికప్పుడు అడ్మిన్ టైప్ చేసే ప్రకటనలకే పూర్తి వాక్యం అవసరం.

ఒకేసారి 5,000 మందికి పంపితే సర్వర్ ఊపిరి ఆడటం లేదు.

300 బైట్ల మెసేజ్ 5,000 మందికి అంటే 15 లక్షల బైట్లు, 12 మెగాబిట్లు. సైజు పెద్ద సమస్య కాదు. ప్రతి ఆటగాడికీ జేసన్‌ను మళ్లీ మళ్లీ తయారుచేయడమే ఎక్కువ భారం. ఒక్కసారి తయారుచేసి అదే బఫర్‌ను అందరికీ ఇవ్వండి. చూపాల్సిన సమయం మెసేజ్‌లోనే ఉంది కాబట్టి పంపడాన్ని 2 సెకండ్ల మీద పరచవచ్చు, తెర మీద మాత్రం అందరికీ ఒకేసారి పడుతుంది.

నెమ్మది నెట్ ఉన్నవాళ్ల దగ్గర పంపాల్సినవి పేరుకుపోతాయి. వెబ్‌సాకెట్‌లో బఫర్డ్ అమౌంట్ చూడండి. 64 కేబీ దాటితే వాళ్లకు అలంకారపు మెసేజ్‌లు ఆపండి, ఇంకా పెరిగితే కనెక్షన్ తెంచి మళ్లీ చేరనివ్వండి. సాకెట్ ఐఓలో వోలటైల్ ఎమిట్ ఇలాంటి పోయినా ఫర్వాలేని వాటికోసమే.

యూడీపీ (అందే హామీ లేని ప్యాకెట్ల పద్ధతి) వాడేవాళ్లు ప్యాకెట్‌ను 1,200 బైట్ల లోపు ఉంచాలి, ముక్కలైన ప్యాకెట్‌లో ఒక ముక్క పోయినా మొత్తం పోతుంది. ముఖ్యమైన మెసేజ్‌కు అందినట్టు జవాబు తీసుకుని, రాకపోతే మళ్లీ పంపాలి. అక్కడ ఐడీ మళ్లీ అక్కరకొస్తుంది.

రోబ్లాక్స్, ఫోటాన్, కొలిసియస్, నకామా లాంటి రెడీమేడ్ గేమ్ వేదికల్లో?

రోబ్లాక్స్‌లో ఫైర్ క్లయింట్ ఒకరికి, ఫైర్ ఆల్ క్లయింట్స్ అందరికీ. జట్టుకు విడిగా లేదు, జట్టు ఆటగాళ్ల జాబితా మీద లూప్ తిప్పాలి. అందరికీ ఒకే గడియారం కావాలంటే గెట్ సర్వర్ టైమ్ నౌ ఉంది. వేరే సర్వర్లకు పంపే మెసేజింగ్ సర్వీస్‌లో ఒక మెసేజ్ 1 కేబీకి మించకూడదు, అందుతుందన్న హామీ కూడా లేదు.

ఫోటాన్ పన్‌లో మీ సొంత సర్వర్ కోడ్ ఉండదు, టైమర్ మాస్టర్ క్లయింట్ (రూమ్‌కు పెద్దగా ఉన్న ఆటగాడు) ఫోన్‌లో నడుస్తుంది. ఆ ఆటగాడు వెళ్లిపోతే టైమర్ కూడా పోతుంది. అందుకే ముగింపు సమయాన్ని సర్వర్ టైమ్‌స్టాంప్ లెక్కలో రూమ్ ప్రాపర్టీలో రాయండి, కొత్త మాస్టర్ అక్కడి నుంచి అందుకుంటాడు. ఆ టైమ్‌స్టాంప్ ఒక హద్దు దాటాక ప్లస్ నుంచి మైనస్‌లోకి తిరుగుతుంది. కాబట్టి రెండు సమయాలను నేరుగా పోల్చకండి, తీసివేసి తేడా చూడండి.

కొలిసియస్‌లో రూమ్ సొంత క్లాక్ వాడితే రూమ్ మూసుకోగానే టైమర్లు వాటంతటవే పోతాయి, అదే మంచిది. నకామాలో మ్యాచ్ లూప్ టిక్కులు లెక్కపెట్టండి. రేటు 10 అయితే 30 సెకండ్లంటే 300 టిక్కులు. బ్రాడ్‌కాస్ట్ మెసేజ్‌కు ప్రెజెన్స్‌ల (మ్యాచ్‌లో ఉన్నవాళ్ల) జాబితా ఇస్తే వాళ్లకే పోతుంది, జాబితా ఇవ్వకుండా వదిలితే అందరికీ పోతుంది. జట్టు రహస్యాలు బయటపడేది ఎక్కువగా ఇక్కడే.

సర్వర్ హైదరాబాద్‌లో పెడితే ఆలస్యం పోతుందా?

తగ్గుతుంది, పోదు. అమెజాన్‌కు ముంబైలో 2016 నుంచి, హైదరాబాద్‌లో 2022 నవంబర్ నుంచి డేటా సెంటర్లు ఉన్నాయి. ఫైబర్‌లో వెలుతురు 1,000 కిలోమీటర్లు 5 మిల్లీసెకండ్లలో దాటుతుంది. కాబట్టి హైదరాబాదా ముంబైయా అన్న తేడా కన్నా, ఆటగాడి వైఫై, మొబైల్ టవర్ మీద రద్దీ, ఒక్కో ప్యాకెట్‌కు మారే ఆలస్యం పెద్దవి. జాతర రోజుల్లో మేడారం దారిలో ఉన్నవాడికి సర్వర్ ఎంత దగ్గరున్నా లాభం లేదు.

బయటికి వదిలే ముందు ఏమి పరీక్షించాలి?

లినక్స్‌లో టీసీ కమాండ్‌కు నెట్‌ను కావాలని చెడగొట్టి చూపే నెటెమ్ ఉంది. 150 మిల్లీసెకండ్ల ఆలస్యం, 40 అటూ ఇటూ, నూటికి 2 ప్యాకెట్లు పోయేలా పెట్టి ఆడండి. ఆట మధ్యలో ఫోన్‌ను వైఫై నుంచి మొబైల్ డేటాకు మార్చండి. మెసేజ్ మోగడానికి 5 సెకండ్ల ముందు జట్టు మారండి. టైమర్ నడుస్తుండగా సర్వర్‌ను చంపి లేపండి. రౌండును గడువుకు ముందే ముగించండి. ఫోన్ గడియారాన్ని రెండు గంటలు ముందుకు తిప్పి చూడండి.

ప్రతి మెసేజ్‌కూ లాగ్‌లో ఐడీ, గుంపు, మోగాల్సిన సమయం, నిజంగా మోగిన సమయం, ఎందరికి పోయింది, వదిలేస్తే ఎందుకు వదిలేశాం అన్నవి రాయండి. మోగాల్సినదానికీ మోగినదానికీ తేడా 50 మిల్లీసెకండ్లు దాటడం మొదలైతే, ఏదో బరువైన పని ఈవెంట్ లూప్‌ను (సర్వర్ పనులను ఒకదాని తర్వాత ఒకటి నడిపే వరుసను) అడ్డుకుంటోందని అర్థం. ఆటగాళ్లు ఫిర్యాదు చేసేలోపే దాన్ని వెతికి వేరే ప్రాసెస్‌లోకి మార్చండి.